బొంతలో నాలుగు ఎర్ర అతుకులు

ఇంటి అప్పు కాగితాల మీద మొదటిసారి సంతకం పెట్టబోయే పిల్లలు ఈ మధ్య నన్ను వెతుక్కుంటూ వస్తున్నారు. వనస్థలిపురంలో మా అపార్టుమెంటు వాచ్‌మన్ కూడా వాళ్లకు దారి చూపిస్తాడు. మూడో అంతస్తులో ఒక రిటైరైన బ్యాంకాయన ఉన్నాడని, కిస్తుల సంగతి ఊరికే చెబుతాడని, మధ్యమధ్యలో తనకు జరిగిన అన్యాయాలు కూడా చెబుతాడని అంటాడట. అన్న మాట నిజమే కాబట్టి వాచ్‌మన్ మీద ఇంకా ఫిర్యాదు చేయలేదు.

ఆ పిల్లలకు నేను చెప్పేది ఒక బొంత కథ. దిల్‌సుఖ్‌నగర్‌లోని మా బ్రాంచిలో ఇళ్ల అప్పుల సీటులో చాలా ఏళ్లు కూర్చున్నాను. ఎన్ని వందల ఫైళ్లు నా చేతి మీదుగా పోయాయో లెక్క లేదు. ఆ అప్పు ఎలా ఉంటుందో మాత్రం కళ్లారా చూసింది ఒక్కసారే. చూపించింది పాత చీరల దుకాణాల వెనక సందులో జాకెట్లు కుట్టే ఒకామె.

ముందు ఒక పాత సంగతి. నేను ఉద్యోగంలో చేరినప్పుడు కంప్యూటర్లు లేవు. ఇరవై ఏళ్ల అప్పు అంటే రెండువందల నలభై నెలల పట్టిక చేత్తో రాయాలి. మిగిలిన అప్పు మీద ఆ నెల వడ్డీ లెక్కగట్టి, కిస్తులోంచి ఆ వడ్డీ తీసేసి, మిగిలింది అసలులోంచి తగ్గించి, తగ్గిన అసలు మీద పై నెల వడ్డీ. కిస్తు మారదు. దాని లోపల వడ్డీ కొంచెం కొంచెం కుంచించుకుపోతుంది, అసలు కొంచెం కొంచెం పెరుగుతుంది. ఒక సీనియర్ గుమస్తా నా ముందు పెద్ద కాగితం పరిచి, "సున్న వచ్చేదాక ఇంటికి పోకు" అన్నాడు. మూడు రోజులు రాశాను. వందో వరుస దాటినా అప్పు తరగదు. ఎక్కడో తప్పు చేశానని రెండుసార్లు మొదటికొచ్చాను. తప్పేమీ లేదు. నూట అరవై దాటాక అప్పు ఒక్కసారిగా వాలు మీద పడ్డ చక్రంలా దొర్లడం మొదలైంది. రెండువందల నలభయ్యో వరుసలో మిగిలింది మూడు రూపాయలు. పైసల సవరింపుల్లో వచ్చిన తేడా అది. నాకు ఒళ్లు జలదరించింది. ఎవరూ చూడకుండా ఆ కాగితానికి దండం పెట్టాను. సీనియరు చూశాడు. భోజనాల దగ్గర అందరికీ చెప్పి నవ్వించాడు. దాన్ని నేను మరచిపోలేదు.

ఇక అసలు కథ.

ఒకరోజు పొద్దున్నే భార్యాభర్తలు నా బల్ల ముందుకు వచ్చారు. ఆయన సిటీ బస్సు డ్రైవరు, ఖాకీ చొక్కాతోనే వచ్చాడు. ఆమె మెడలో ఇంచుల టేపు వేలాడుతోంది, తీయడం మరచిపోయినట్టుంది. నల్గొండ వైపు పల్లె నుంచి వచ్చి, తుర్కయంజాల్‌లో చిన్న జాగా కొని, పది లక్షల అప్పుతో రెండు గదులు వేసుకున్నవాళ్లు. కిస్తు నెలకు తొమ్మిది వేలు. ఐదేళ్లు ఒక్క నెల తప్పలేదు.

ఆమె కాగితం చూపించింది.

"సార్, గీడ రెండొందల యాభై అని ఉన్నది. గదేంది?"

"ఇంకా కట్టాల్సిన నెలలమ్మా."

"మొదలువెట్టిన నాడు ఎన్నుండె?"

"రెండువందల నలభై."

"అరవై నెలలు కట్టినం గద సార్. కట్టినకొద్ది పెరుగుతదా?"

పక్కనుంచి డ్రైవరు అందుకున్నాడు. "ఎల్.బి.నగర్ల ఎక్కించుకొని కోఠికి వోతున్నమని జెప్పి, గంట నడిపినంక ఉల్టా దిక్కు హయత్‌నగర్ల దింపితే ఎట్లుంటది సార్? ప్యాసింజర్లు నన్ను కొడ్తరు."

నా వెనకనున్న క్యాషియరు నవ్వాడు. నన్ను చూసి నవ్వినట్టు అనిపించింది నాకు.

"రేట్లు పెరిగాయి. కిస్తు పెంచకుండా సిస్టమే నెలలు పెంచుతుంది. అది మీకు అర్థం కాదులే అమ్మా" అన్నాను.

డ్రైవరుకు డ్యూటీ టైమయింది, వెళ్లిపోయాడు. ఆమె వెళ్లలేదు. ఎదురుగా బెంచీ మీద కూర్చుంది.

"ఇంకా ఏం కావాలమ్మా?"

"అర్థం గాదన్నరు గద సార్. అయ్యేదాంక కూసుంట."

భోజనాల వేళ దాటినా అక్కడే కూర్చుంది. మొండితనం అంటే నాకు బాగా తెలిసిన సరుకు. ఎదుటివాళ్లలో చూస్తే చప్పున గుర్తుపడతాను. చివరికి పిలిచి కుర్చీ చూపించాను.

ఆమె లెక్క ఊళ్లో అప్పుల లెక్క. వడ్డీని మిత్తి అంటారు. ఊళ్లో నూటికి రెండు రూపాయల మిత్తి అంటే నెలనెలా మిత్తి విడిగా కడతారు, అసలు అలాగే ఉంటుంది, పంట చేతికొచ్చినప్పుడు అసలు ఒకేసారి తీరుస్తారు. ఆమె దృష్టిలో బ్యాంకు కిస్తు అంటే మిత్తి, అసలు కలిపి రెండువందల నలభై సమాన ముక్కలు. ఒక్కో ముక్క కట్టేస్తే ఒక్కో ముక్క పోవాలి. ఐదేళ్లకు నాలుగో వంతు తీరాలి. చదువుకున్నవాళ్లు కూడా నూటికి తొంభై మంది అలాగే అనుకుంటారు. వాళ్లు అడగరు, ఆమె అడిగింది. అంతే తేడా.

నా దగ్గర ఎర్ర పెన్ను, ఆకుపచ్చ పెన్ను ఉండేవి. ఆమె ఖాతా పట్టీ తీసి మొదటి నెల చూపించాను. తొమ్మిది వేలలో ఏడున్నర వేలు మిత్తి, దాని కింద ఎర్ర గీత. పదిహేను వందలు అసలు, ఆకుపచ్చ గీత. రెండేళ్లకు ఆకుపచ్చ పద్దెనిమిది వందలకు పాకింది. ఇరవై ఐదో నెలలో రేటు ఏడాదికి తొమ్మిది శాతం నుంచి పదింబావుకు ఎక్కింది. ఆ ఒక్క నెలలోనే ఆకుపచ్చ ఎనిమిది వందలకు పడిపోయింది.

ఆమె ఆ చోట వేలు పెట్టి చాలాసేపు తీయలేదు.

"ఐదేండ్లల్ల మొత్తం ఎంత గట్టినం సార్?"

"ఐదు లక్షల నలభై వేలు."

"అప్పు ఎంత తెగింది?"

"డెబ్బై రెండు వేలు."

ఏడుస్తుందని అనుకున్నాను. చాలామంది అక్కడే ఏడుస్తారు. ఆమె టేపు తీసి చేతికి చుట్టుకుంటూ, "మా ఆయన దిగెటానికి ఇంక నూటెనభై నెలలున్నయ్ సార్" అంది. "లెక్క జూస్కోనే ఇరవై ఏండ్లకు వెట్టినం. ఆయన ఆఖరి డ్యూటీ జేసి బండి దిగిన నాడు అప్పు గూడ దిగాలె. జీతం లేని నాడు కిస్తు ఉంటే, ఇల్లు ఉన్నట్టా లేనట్టా?"

ఆమెకు కావలసింది అదొక్కటే. వడ్డీ తగ్గించమనలేదు, మాఫీ అడగలేదు. నూట ఎనభై నెలల్లో ఆ ఇంటి కాగితాలు బ్యాంకు తాకట్టులోంచి తన బీరువాలోకి రావాలి.

తర్వాత ఇంకో ప్రశ్న వేసింది. "మా పక్క ప్లాటోళ్లు మొన్న లోన్ దీస్కున్నరు. గీ బ్యాంకులనే. ఆళ్లకు నూటికి ఎంత?"

"నెలకు డెబ్బై ఒక్క పైసలు."

"మాకు?"

"ఎనభై ఐదు."

"గదేంది సార్? పాత గిరాకికి ఎక్కువ, కొత్త గిరాకికి తక్కువనా? నేనైతే పాత గిరాకికి ఫాల్ ఊకెనే కుట్టిస్త."

దీనికి నా దగ్గర జవాబుంది. పాత పద్ధతి అప్పును కొత్త పద్ధతి రేటుకు మార్చుకోవచ్చు. ఒక ఉత్తరం, చిన్న రుసుము. అడిగినవాళ్లకే చెప్పమని మాకు నోటిమాటగా చెప్పారు. ఆమె అడిగింది కాబట్టి చెప్పాను. మారితే రెండువందల యాభై నెలలు నూట ఎనభై ఆరుకు వస్తాయని లెక్క వేసి చూపించాను.

"మిగిలిన ఆరు నెలలు నేను జూస్కుంట. పెండ్లిండ్ల సీజన్లున్నయ్ గద" అంది.

ఉత్తరం నేనే రాసిపెట్టాను. ఆమె సంతకం చేసింది. రుసుము రేటు మారిన రోజున ఖాతాలోంచే తీసుకుంటారు. ఉత్తరం మీద తేదీ ముద్ర వేశాను. పద్ధతి ప్రకారం నకలు మీద కూడా ముద్ర వేసి ఆమె చేతికివ్వాలి. ఆ రోజు జిరాక్సు మిషను పని చేయడం లేదు. నకలు ఇయ్యరా అని ఆమె అడిగింది.

"నా మీద నమ్మకం లేదా అమ్మా?" అన్నాను.

"గట్ల గాదు సార్" అని లేచి వెళ్లింది. నేను ఉత్తరాన్ని సొరుగులో పెట్టాను.

ఆ సాయంత్రమే నా బల్ల యుద్ధం మొదలైంది.

మా మేనేజరు గోదావరి వైపు మనిషి. మాట మెత్తన. కొత్తగా వచ్చిన కుర్ర ఆఫీసరుకు కిటికీ పక్కన బల్ల కావాలని, పదకొండేళ్లుగా నేను కూర్చున్న బల్ల దగ్గరికి వచ్చి, "గురువుగారూ, మీరు కాస్త లోపలికి జరగాలండి. రికార్డు గది పక్కన చల్లగా ఉంటుంది" అన్నాడు. రికార్డు గది పక్కన చేతులు కడుక్కునే బేసిన్ ఉంటుంది. అందరూ వచ్చి పుక్కిలించి ఉమ్మే చోటు.

"సామాను మీరే సర్దుకోండి, మరి."

"జరపమన్నవాళ్లే సర్దాలి" అన్నాను.

"మీ ఇష్టమండి" అన్నాడు.

సొరుగులకు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకున్నాను. మర్నాడు కుర్ర ఆఫీసరుకు కొత్త బల్ల వచ్చింది. నా పాత బల్లను తాళంతో సహా మోసుకెళ్లి రికార్డు గదిలో పడేశారు. నాకు బేసిన్ పక్కన ఇంకో బల్ల. నా సొరుగు ఎవరైనా వచ్చి మర్యాదగా అడిగితేనే తెరుస్తానని పట్టుబట్టాను. ఎవరూ అడగలేదు. అడగనందుకు ఇంకా కోపం వచ్చింది. తాళంచెవి నాలుగు నెలలు నా జేబులోనే ఉంది.

ఆమె ఉత్తరం సంగతి మరచిపోయానని చాలా ఏళ్లు చెప్పుకున్నాను. ఇప్పుడు ఎవరికి దాచాలి? రెండో వారంలోనే ఒకసారి గుర్తొచ్చింది. చెయ్యి జేబులోకి కూడా పోయింది. కానీ రికార్డు గదిలోకి వెళ్లి నా అంతట నేనే తాళం తీస్తే, కిటికీ దగ్గర కూర్చున్నవాళ్లు చూసి నవ్వుతారనిపించింది. రేపు చూద్దాం అనుకున్నాను. ఆమె నెలనెలా వచ్చి కుర్ర ఆఫీసరు దగ్గర లెక్క కాగితం తీసుకుని వెళ్లడం దూరం నుంచి చూసేవాణ్ని. తలెత్తేవాణ్ని కాదు.

నాలుగో నెల దాటాక ఒక సోమవారం, జనం నిండుగా ఉన్న వేళ ఆమె పెద్ద బట్టసంచీతో వచ్చింది. వెనక డ్రైవరు. హాలు మధ్యలో సంచీ దించి, అందులోంచి ఒక బొంత తీసి నేల మీద పరవడం మొదలుపెట్టింది. పింఛను కోసం వచ్చిన ముసలాయన కాళ్లు పైకి పెట్టుకున్నాడు. హాస్టలు ఆడపిల్లలు ఇద్దరు ఫోన్లు పక్కన పెట్టి వంగి చూశారు. గార్డు తుపాకి భుజానికి మార్చుకుని ఒక కొస పట్టుకున్నాడు, ఎందుకు పట్టుకున్నాడో అతనికే తెలియదు.

బొంత అంటే మా వైపు పాతబట్టలు పొరలుగా వేసి కుట్టుకునేది. దీనికి రెండు వైపులా పాత చీర. నడుమ మూరెడు వెడల్పున ఒక పట్టీ. ఆ పట్టీ నిండా పెన్సిలంత మందాన అడ్డ వరుసలు. ప్రతి వరుసలో ఎడమ పక్క ఎరుపు, కుడి పక్క ఆకుపచ్చ.

మేనేజరు గదిలోంచి వచ్చాడు. "ఏవండీ, ఇది బ్యాంకమ్మా, టైలరింగ్ షాపు కాదు. తీసెయ్యండి."

"తీస్త సార్. మీ లెక్కనే కుట్టుకొచ్చిన. ఒక్కపాలి జూడుండ్రి" అంది. వంగి మొదటి వరుస మీద టేపు పెట్టింది. "మూర అంటే పద్దెనిమిది ఇంచులు. కిస్తు తొమ్మిది వేలు. ఇంచుకు ఐదొందలు. మొదటి నెల, పదిహేను ఇంచులు మిత్తి, మూడు ఇంచులు అసలు. ఎరుపు మిత్తి, ఆకుపచ్చ అసలు. గీ రంగులు గా సారు పెన్నులయి."

నా వైపు చెయ్యి చూపించింది. నేను బేసిన్ పక్కనుంచి లేచి నిలబడ్డాను. లేవాలని అనుకోలేదు, కాళ్లే లేపాయి.

నేను మూడు రోజులు రాసిన పట్టిక, వేలసార్లు మిషను మీద అచ్చు తీసిన పట్టిక, అక్కడ నేల మీద పడుకుని ఉంది. అంకెల్లో ఎన్నడూ కనబడనిది కనబడుతోంది. ఎరుపు, ఆకుపచ్చ కలిసే చోట ఒక గీత ఏర్పడింది. పైనుంచి కిందికి ఆ గీత ఎంత నెమ్మదిగా ఎడమకు జరుగుతోందంటే, ఒక వరుసకూ పక్క వరుసకూ మధ్య దారప్పోగంత తేడా. ఇరవై నాలుగు వరుసలు ఆ దారప్పోగు తేడాను ఆమె కత్తెర ఎక్కడా తప్పలేదు. ఇరవై ఐదో వరుసలో గీత విరిగింది. మూడున్నర అంగుళాల ఆకుపచ్చ ఒక్కసారి ఒకటిన్నర అంగుళానికి తెగిపోయింది. ఎవరో నరికినట్టు. రేటు పెరగడం అంటే ఏమిటో ఆ విరుపు చూశాక నాకు తెలిసింది. అప్పటిదాకా సర్క్యులర్లో చదివాను, అంతే.

అరవై నాలుగు వరుసల కింద ఖాళీ గుడ్డ. దాని మీద సుద్దముక్కతో, రాబోయే నెలలు కింది దాకా గీసి ఉన్నాయి. ఆ సుద్ద గీత పోను పోను వేగంగా ఎడమకు వంగి, కింద మూలకు వచ్చేసరికి ఎరుపును పూర్తిగా మింగేసింది. చక్రం దొర్లే చోటు అది. నాకు వెనకటిలాగే ఒళ్లు జలదరించింది. ఈసారి దండం పెట్టడానికి కూడా చేతులు రాలేదు.

"ఇన్ని ముక్కలు ఎక్కడివి ఆంటీ?" ఒక హాస్టలు పిల్ల అడిగింది.

"పెండ్లి జాకెట్లన్ని ఎరుపు, ఆకుపచ్చనే గద బిడ్డా. మిగిలిన పేలికలు" అని, మళ్లీ మేనేజరు వైపు తిరిగింది. "అరవయ్యో నెలల రేటు మారుస్తమంటే ఉత్తరమిచ్చిన. నూటికి డెబ్బై ఒక్క పైసలు లెక్కేసి నాలుగు వరుసలు ముందే కుట్టుకున్న, పదమూడు ఇంచులు ఎరుపు, ఐదు ఇంచులు ఆకుపచ్చ. నెలనెల మీ కాయితం వచ్చినంక జూస్తే ఎరుపు తగ్గలె. ఆకుపచ్చ మీద అతుకేయవడ్డది. ఇగో."

అరవై తర్వాతి నాలుగు వరుసల్లో ఆకుపచ్చ మీద దాదాపు మూడంగుళాల ఎర్ర గుడ్డ అతికించి ఉంది. నాలుగు అతుకులు ఒకదాని కింద ఒకటి.

మేనేజరు మోకాళ్ల మీద చేతులు ఆనించి చాలాసేపు చూశాడు. "లెక్క కరెక్టేనమ్మా. కానీ మీ ఉత్తరం నాదాకా రాలేదు. ఇచ్చినట్టు నకలేమైనా ఉందా?"

"నకలు లేదు. గా సారుకిచ్చిన."

హాలంతా నా వైపు తిరిగింది.

"ఏం గురువుగారూ? ఇచ్చారా?"

లేదనొచ్చు. నకలు లేదు. ఇలాంటప్పుడు కస్టమరుదే పొరపాటని రాయడం మాకు చాలా తేలిక. ఆ అతుకుల వైపు చూశాను. జేబులోంచి తాళంచెవి తీశాను.

రికార్డు గదిలో నా బల్ల మీద పాత రిజిస్టర్లు పేర్చి ఉన్నాయి. మేనేజరు, గార్డు, డ్రైవరు, ఆమె అందరూ వెనకే వచ్చారు. సొరుగు తెరిస్తే నా ఎర్ర పెన్ను, ఆకుపచ్చ పెన్ను, నేను అంతకుముందు పెట్టుకున్న ఫిర్యాదుల నకళ్లు, వాటిపైన ఆమె ఉత్తరం. తేదీ ముద్ర స్పష్టంగా ఉంది.

"నాలుగు నెలలండీ!" అని మేనేజరు అరిచాడు. "బల్ల మీద కోపంతో నాలుగు నెలలా?"

డ్రైవరు ఏదో అనబోతే ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది. నన్ను తిట్టలేదు. తాళంచెవి వైపు చూసి ఒక్కటే అడిగింది.

"జేబుల్నే ఉండెనా సార్?"

"ఉందమ్మా" అన్నాను.

పిల్లలారా, నా ఉద్యోగంలో నన్ను అవమానించినవాళ్ల జాబితా పెద్దది. ఆ ప్రశ్న మాత్రం అవమానం కాదు. అయినా అన్నిటికంటే బాగా గుర్తుంది.

ఆ రోజే రేటు మారింది. కానీ ఆ నాలుగు నెలల తేడా, ఐదువేల నాలుగు వందల దాకా, అప్పటికే మిత్తి కింద పోయింది. సిస్టం వెనక్కి పోదన్నారు. అప్పుడు నాకు వచ్చిన ఒకే ఒక్క విద్యను బయటికి తీశాను. ఫిర్యాదు రాశాను. ఉత్తరం ఫలానా తేదీన అందిందని, ఫలానా ఉద్యోగి మొండితనం వల్ల సొరుగులో ఉండిపోయిందని, కస్టమరు తప్పేమీ లేదని, ఆ తేదీ నుంచే కొత్త రేటు ఇవ్వాలని. ఆ ఫలానా ఉద్యోగిని నేనే. మేనేజరు చదివి, ఒక్క మాట మార్చకుండా కింద సంతకం పెట్టాడు. బల్ల విషయంలో ఆయన్ను నేటికీ క్షమించలేదు గానీ, ఆ సంతకం పెట్టిన చెయ్యిని మాత్రం మెచ్చుకుంటాను.

నియమాల్లో వీల్లేదని జవాబు వచ్చింది. మళ్లీ రాశాను. మళ్లీ అదే జవాబు. శనివారాలు సెలవు పెట్టి ఎల్.బి.నగర్‌లోని మా పై ఆఫీసుకు వెళ్లి కూర్చున్నాను, అర్థమయ్యేదాకా. ఆ పద్ధతి ఎవరి దగ్గర నేర్చుకున్నానో మీకు తెలుసు. ఐదోసారి వెళ్లినప్పుడు అక్కడి ఆఫీసరు ఫైలు తిరగేసి, "ఏంది సార్ ఇది? మీ మీద మీరే కంప్లైంట్ వెట్టుకున్నరు. పైంగ జర తొందరగ చర్య తీస్కోమని రిమైండర్లా?" అని నవ్వాడు. నవ్వుతూనే పైకి పంపాడు. డబ్బు ఆమె అసలులో జమయింది. నాకు మెమో వచ్చింది. జీవితమంతా పెట్టిన ఫిర్యాదుల్లో నేను గెలిచింది అదొక్కటే, నా మీద నేను పెట్టింది.

తర్వాత ఆమె పెళ్లిళ్ల సీజన్ అయ్యాక ప్రతిసారీ వచ్చేది. చేతిలో తొమ్మిది వేలు ఉండొచ్చు, పద్దెనిమిది ఉండొచ్చు. "అసలుకే" అని స్లిప్పు మీద పెద్ద అక్షరాలతో రాయించేది. నేను నకలు మీద ముద్ర వేసి, అడగకముందే చేతికిచ్చేవాణ్ని. ఆ డబ్బు బొంతలో ఎరుపు లేని నిండు ఆకుపచ్చ వరుస అవుతుందని చెప్పింది. పైన ఒక నిండు వరుస వేస్తే కింద సుద్దతో గీసిన వరుసలు రెండో మూడో చెరిపేయాల్సి వస్తోందట. "తొందరగ ఏసినకొద్ది ఎక్కువ చెరుగుతున్నయ్ సార్" అంది, ఆశ్చర్యపోతూ. ముందే కట్టమని మేం కరపత్రాల్లో వేసేది కూడా అదే. సుద్ద చెరిపినంత బాగా మాకు ఎప్పుడూ చెప్పడం రాలేదు.

నేను రిటైరయ్యాను. వీడ్కోలు రోజు కప్పిన శాలువాకు ధర చీటీ తీయలేదు. దాని సంగతి ఇంకోచోట రాశాను. ఆ తర్వాత మూడేళ్లకు డ్రైవరు ఫోను చేశాడు.

"సార్, తీరిపోయింది. కాయితాలు ఇంటికొచ్చినయ్. మా ఆమె మిమ్మల్ని రమ్మంటున్నది."

వేళ్ల మీద లెక్క వేశాను. నూట తొంభై ఆరో నెల. ఆయన బండి దిగడానికి ఇంకా మూడేళ్ల ఎనిమిది నెలలుంది.

సాగర్ రోడ్డు మీద తుర్కయంజాల్‌లో బస్సు దిగి వాళ్లింటికి నడిచాను. రెండు గదులు, ముందు చిన్న అరుగు, అరుగు మీద కుట్టుమిషను. ఆమె కవరులోంచి కాగితాలు తీసి నా చేతికిచ్చింది. "హద్దులు సదవుండ్రి సార్. ఒక్కపాలి మొత్తం ఇనాల్ననుంది."

చదివాను. తూర్పు ఇరవై అడుగుల దారి, పడమర పక్క ప్లాటు, ఉత్తరం, దక్షిణం. ఒక్కో దిక్కు చెప్పినప్పుడల్లా ఆమె ఆ గోడ వైపు తిరిగి చూసింది, నిజంగా ఉందా అని. నేనూ చూశాను. అన్ని ఏళ్లు కాగితాల్లోనే ఇళ్లు చూసినవాణ్ని. గోడ ఇంత ఎత్తు ఉంటుందని అనుకోలేదు.

మంచం మీద బొంత పరిచి ఉంది. ఎరుపు, ఆకుపచ్చ కలిసే గీత ఇరవై ఐదో వరుస దగ్గర విరిగి, కొన్నాళ్లు కుంటుతూ నడిచి, తర్వాత ఎడమకు సాగిపోయింది. మధ్యలో ఒకచోట మళ్లీ రేటు పెరిగినట్టుంది, చిన్న విరుపు. అక్కడక్కడ నిండు ఆకుపచ్చ వరుసలు, చీర అంచుల్లా. చిట్టచివరి వరుసలో ఎరుపు అంటూ గుడ్డ లేదు. ఒక్క ఎర్ర దారం మాత్రం కుట్టి ఉంది. దాని కింద గుడ్డ ఖాళీగా మిగిలింది. చెరిపేసిన సుద్ద గీతల మరకలు ఇంకా లీలగా కనబడుతున్నాయి.

నా చూపు పైకి పోయింది. అరవై తర్వాత నాలుగు వరుసలు. ఎర్ర అతుకులు అలాగే ఉన్నాయి.

"ఆ డబ్బు తిరిగొచ్చింది కదమ్మా. ఈ అతుకులు విప్పేయొచ్చు కదా?" అన్నాను.

ఆమె టీ గ్లాసు నా ముందు పెట్టింది.

"ఉండనీయుండ్రి సార్. అవి మీయి."

డ్రైవరు ఇబ్బందిగా నవ్వాడు. ఆమె నవ్వలేదు, కోపంగానూ లేదు. నేను వంగి ఆ నాలుగింటి మీద చెయ్యి వేసి చూశాను. కుట్టు చాలా గట్టిగా ఉంది.